పిట్టగోడ మీద జొన్నలు

చనిపోయిన మా అమ్మ పేరు మీద పావురాలకు జొన్నలు వేయడం నేనే మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు. సీతాఫల్‌మండిలో మా డాబా పిట్టగోడ మీద పొద్దున్నే గింజలు చల్లి, దండం పెట్టుకుని, కిందికి దిగి చాయ్ తాగేవాణ్ణి. పుణ్యం నాది. రెట్టలు ఊడ్చే పని మాత్రం నా భార్య కాంతమణిది. ఆ సంగతి నాకు తట్టనే లేదు, ఏం మనిషినో!

పక్కింటి వేపచెట్టు మీద డేగల జంట గూడు కట్టుకుంది. అప్పుడప్పుడూ ఒక పావురాన్ని తన్నుకుపోయేవి. మా అమ్మ పేరున తిండి తిన్న పిట్టను నా కళ్ల ముందే చీలుస్తుంటే ఒళ్లు మండిపోయింది. దీపావళికి మిగిలిన రాకెట్లు ఆ చెట్టు మీదికి వదిలాను. వెదురు కర్రతో గూడు పడగొట్టబోతుంటే కాంతమణి నా చేయి పట్టుకుంది.

“ఏమయ్యా, వాటికి సుత పిల్లలున్నయ్ గద.”

నీకేం తెలుసు, నోర్మూసుకో అన్నాను. గూడు కింద పడింది, పిల్లలతో సహా.

డేగలు పోయాయి. పావురాలకు ఇక అడ్డేముంది? ఏడాది తిరిగేసరికి డాబా నిండా, కిటికీల మీద, కూలర్ వెనక అవే. ఇన్నాళ్లూ వాటిని అదుపులో ఉంచింది ఆ డేగలేనని నా బుర్రకు ఎక్కడ తోస్తుంది? అమ్మ చల్లగా చూస్తోందని మురిసిపోయి, రెజిమెంటల్ బజార్ నుంచి ఇంకా జొన్నలు మోసుకొచ్చాను. కాంతమణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఊడుస్తూనే ఉంది. దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం. దుమ్ము పడట్లేదేమోలే అని ఊరుకున్నాను.

మొన్న డాక్టర్ స్కాన్ చూసి, ఇంటి దగ్గర పావురాలున్నాయా అని అడిగాడు. కాంతమణి నా వైపు చూడకుండానే లేవు సార్ అంది. అక్కడ నా పరువు పోకూడదని. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఉన్నయ్ సార్. నేనే మేపిన.”

ఆ రెట్టల ధూళికే ఊపిరితిత్తులు గట్టిపడ్డాయట. పాడైంది మళ్లీ బాగవదు. మిగిలిందైనా దక్కాలంటే పావురాలు పోవాలన్నాడు.

జొన్నలు మానేశాను. మాస్కు కట్టుకుని డాబా నేనే కడుగుతున్నాను. అవి మాత్రం పోవు. వల కట్టిస్తే ఇంకో పక్క వాలుతున్నాయి. రోజూ వాకిట్లో నిలబడి వేపచెట్టు వైపు చూస్తాను. ఒక్క డేగ వస్తే చాలు, ఎన్ని తన్నుకుపోయినా దండం పెడతాను.

ఇవాళ కాంతమణి గుమ్మంలో కుర్చీ వేసుకుని, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ నన్నే చూసింది.

“ఎందుకట్ల మెడ నొయ్యంగ చూస్తవ్? పిల్లల్ని సంపినోని ఇంటికి అది మళ్ల వస్తదా?”

ఆమె గొంతులో కోపం కూడా లేదు. చీపురు తీసుకుని డాబా ఎక్కాను. నన్ను చూడగానే పావురాలన్నీ, జొన్నలు తెచ్చాననుకుని, నా కాళ్ల చుట్టూ వాలాయి.