యారాలి వాకిట్లో పచ్చగడ్డి

గద్వాలలో పద్మమ్మ ఇల్లు, ఆమె యారాలు, అంటే మరిది పెండ్లాం, ప్రణీత ఇల్లు పక్కపక్కనే ఉంటాయి. మామ పోయినంక అన్నదమ్ములు జాగ పంచుకుని నడుమ నడుమెత్తు గోడ కట్టుకున్నారు. తాగను, వాడను నల్లా నీళ్ళు ఎవరివి వాళ్ళకే వస్తాయి. చెట్లకు పెట్టే బోరు మాత్రం ఒక్కటే. అది పద్మమ్మ వైపు ఉంది. అక్కడినుంచి ఒక పైపు గోడ కిందుగా ప్రణీత వాకిలికి పోతుంది.

పద్మమ్మ పెనిమిటి బుచ్చన్న ఇప్పటికీ మగ్గం నేస్తాడు. ఆమె నూలు దారం కండెలకు చుడుతుంది. తమ్ముడు రమేష్ మగ్గం విడిచి చీరల దుకాణం పెట్టాడు. దుకాణం బాగా నడిచింది. ఇంటి మీద ఇల్లు లేపి, రంగులేయించి, ఆఖరికి వాకిలి నిండా గడ్డి పరిపించాడు. చాపల్లాగ చుట్టిన గడ్డి హైదరాబాద్ నుంచి టెంపోలో వచ్చింది. పొద్దుగూకేసరికి ఎర్రమట్టి వాకిలంతా పచ్చబడింది.

వాడకట్టు ఆడవాళ్ళంతా చెప్పులు విడిచి దాని మీద నడిచి చూశారు. పద్మమ్మ పోలేదు. "తడిగుంటది, నాకు పడదు" అన్నది. కానీ బట్టలు ఆరేసినప్పుడల్లా ఆమె చూపు గోడ దాటి ఆ పచ్చదనం మీదనే పడేది.

ఆమెకూ చెట్లున్నాయి. అంట్లు కడిగిన నీళ్ళు పోయే కాడ కరివేపాకు, స్నానాల నీళ్ళు పారే కాడ అరటి, మూలకు మునగ, ముంగట నందివర్ధనం, బిళ్ళగన్నేరు, కాగితపూలు. మొదళ్ళ చుట్టూ పల్లీ పొట్టు మందంగా పరిచేది. చెట్టుకొక పాత మట్టికుండ మెడదాకా పాతి, బియ్యం కడిగిన నీళ్ళు అందులో పోసేది. ఆ చెమ్మ మెల్లగా వేళ్ళకు అందేది. ఇన్నేండ్లలో ఒక్కరూ ఆగి బాగున్నాయనలేదు. అత్త సుభద్రమ్మ మాత్రం సాయంత్రమైతే మునగచెట్టు కింద మంచమేసుకుని కూచునేది.

"మనం గూడ గడ్డి ఏపిద్దామా?" అని ఒకనాడు మొగుణ్ణి అడిగింది.

బుచ్చన్న నవ్వాడు. "ఇంటిల్లిపాది వాడే నీళ్ళు ఆ గడ్డి ఒక్కటే తాగుతది. మనకెందుకే?"

ఆమెకు సిగ్గనిపించింది. ఆశ మాత్రం పోలేదు.

ఎండలు ముదిరాయి. ప్రణీత పొద్దున, సాయంత్రం గడ్డి తడిపేది. కొన్నాళ్ళకు బోరు దగ్గి దగ్గి గాలి కక్కడం మొదలుపెట్టింది. రమేష్ ట్యాంకర్లు తెప్పించాడు, తర్వాత విసుగొచ్చి మానేశాడు. గడ్డి పసుపుబారి, వరిగడ్డిలాగ కరకరలాడింది. ఆ రోజు పద్మమ్మ కూనిరాగం తీసుకుంటూ కండెలు చుట్టింది. కడుపు చల్లగైంది ఆమెకు.

ఆ వారంలోనే ప్రణీత గోడ కాడికి వచ్చింది.

"అక్కా, ఇంతెండల మీ చెట్లెట్ల పచ్చగున్నయి? నాకు గూడ జర చెప్పరాదా? వానలు పడ్డంక రెండు కొమ్మలియ్యి, పెట్టుకుంట."

"చెప్పనీకేముంది, అవే పెరుగుతయి. కొమ్మలు కోస్తె చెట్టు పాడైతది" అన్నది పద్మమ్మ, తలెత్తకుండా.

ప్రణీత వెనక్కి తిరిగి లోపలికి పోయింది. కానీ మొదటి వానలకు సుభద్రమ్మే కొమ్మలు విరిచి గోడ మీదుగా ఇచ్చింది. కుండలు, పల్లీ పొట్టు, అంట్ల నీళ్ళు, అన్నీ విడమరిచి చెప్పింది. పద్మమ్మ కిటికీలోంచి చూసి పండ్లు కొరుక్కుంది. అత్తను ఏమంటుంది?

ప్రణీత ఎండుగడ్డంతా తవ్వించింది. నడిచేటందుకు షాబాదు బండలు పరిపించి, వాటి నడుమ మొక్కలు పెట్టింది. చలికాలానికల్లా వాకిలి తెలుపు, గులాబీ, ఎరుపు రంగుల్లో నిండింది. రమేష్ ఆ పూల ముందే చీరలు వేలాడదీసి ఫొటోలు తీసి అందరికీ పంపేవాడు. చీరలు చూసినవాళ్ళు వాకిలి గురించి కూడా అడిగేవాళ్ళు. అవే మొక్కలు గోడకు ఇవతల కూడా ఉన్నాయి. వాటిని చూసినవాళ్ళు లేరు.

ఒకనాడు వాడకట్టులోని విజయమ్మ వచ్చి, "గింత మంచిగ ఎట్ల జేసినవ్? ఎవ్వలు చెప్పిండ్రు?" అని అడిగింది.

"ఎవ్వలు చెప్తరు విజయమ్మా? ఫోన్ల చూసి నేనే చేసుకున్న" అన్నది ప్రణీత.

గోడ ఇవతల బట్టలు తీస్తున్న పద్మమ్మ చేతులు ఆగిపోయాయి. అన్నం తిన్నా, కండె చుట్టినా చెవిలో అదే మాట.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఎండ మంచి కాక మీదున్నప్పుడు, ఎవరూ చూడకుండా, ప్రణీత వాకిలికి పోయే పైపు వాల్వు తిప్పి బంద్ చేసింది పద్మమ్మ. ఇగ రోజూ లేవగానే గోడ కాడికి పోయి చూసేది. ఆకులు వాలలేదు. ఇంకో రెండు రోజులు చూసింది. నందివర్ధనం తెల్లగా నవ్వుతూనే ఉంది. కాగితపూలైతే ఎండకు ఇంకా రెచ్చిపోయి గేటంతా కమ్ముకున్నాయి. ప్రణీత కూరగాయలు కడిగిన నీళ్ళు తెచ్చి కుండల్లో పోసి పోతోంది. బోరు నల్లా ముట్టుకోవడమే లేదు. ఆ మొక్కలకు తక్కువ నీళ్ళతో బతకడం అలవాటు చేసింది తన పద్ధతే. అది తెలిసి పద్మమ్మకు ఏడుపొచ్చింది.

చివరికి రమేష్ బండి కడగబోతే నీళ్ళు రాలేదు. పైపు వెంట చూసుకుంటూ ఇవతలికి వచ్చాడు. వెనకాలే ప్రణీత.

"వదినె, వాల్వు ఎవ్వలు బంద్ జేసిండ్రు?"

తెల్వదంటే సరిపోయేది. మంచం మీద అత్త ఉంది. పద్మమ్మ నోట అబద్ధం రాలేదు.

"నేనే."

"మోటరు కరాబైందా?"

"లేదు. ప్రణీత చెట్లు ఎండాలని."

రమేష్ తల వంచుకుని వెళ్ళిపోయాడు. ప్రణీత ముఖం ఎర్రబడింది.

"గంత పగేందక్కా నా మీద?"

"ఇన్నేండ్ల సంది చేస్తున్న నేను. ఒక్కలు గూడ మంచిగున్నదనలే. నువ్వేమో ఫోన్ల చూసి చేసినంటివి."

"మరేం చెప్పాలె? నిన్నడిగితె మొఖం గూడ ఎత్తకపోతివి. యారాలు చెప్పలే, అత్తను బతిలాడుకున్నా అని నలుగుర్ల చెప్పాల్నా?" ప్రణీత మునగచెట్టు కింది మంచం వైపు చెయ్యి చూపింది. "నేనొచ్చిన కాడికెల్లి చూస్తున్న. సాయంత్రమైతె అత్తమ్మ ఈడనే. నేను పిలిస్తె ఒక్కనాడు రాలే. నాకు కుళ్ళు రాదా? ఆమె వచ్చి కూసుంటదనే గడ్డి ఏపిచ్చిన."

పద్మమ్మ యారాలి వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఆ గడ్డి తనను ఏడిపించడానికే వేశారనుకుంది ఇన్నాళ్ళూ.

"గడ్డి మీద కూసుంటె నాకు దురద పెడ్తది" అన్నది సుభద్రమ్మ మంచం మీదినుంచి. "అడిగితె చెప్తుంటి గద."

పద్మమ్మకు నవ్వాగలేదు. ప్రణీత నవ్వలేదు. గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. పద్మమ్మ పోయి వాల్వు తెరిచింది.

కొన్నాళ్ళు మాటల్లేవు. ఆ తర్వాత విజయమ్మ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళలో ఒకామె కొత్తింటి ముందు గడ్డి వేయించుకోవాలనుకుని, ప్రణీత వాకిలి చూసి ఆగిందట. ప్రణీత వాళ్ళతో కొంచెంసేపు మాట్లాడి, గోడ కాడికి వచ్చి పిలిచింది.

"అక్కా, జర ఇటు రా. నేను చేసింది నిన్ను చూసే. కుండ ఎంత లోతు పాతాల్నో నువ్వే చెప్పు వీళ్ళకు."

పద్మమ్మ వెళ్ళింది. కుండ దగ్గర మొదలుపెట్టి పల్లీ పొట్టు దాకా చెప్పింది. అంట్లకు ఏ సబ్బు వాడితే ఆ నీళ్ళు పనికిరావో చెప్పింది. వాళ్ళు లేచినా ఇంకా చెప్తూనే ఉంది. విజయమ్మ ఆమె చెట్లు చూస్తానని ఇవతలికి కూడా వచ్చి, కరివేపాకు మొదట్లో పొట్టు తీసి చెమ్మ ముట్టుకుని చూసి, "అబ్బ" అన్నది.

అంతా పోయినంక పద్మమ్మ మళ్ళీ ప్రణీత వాకిట్లోకి పోయి నందివర్ధనం ముందు ఒక్కతే కాసేపు నిలబడింది. తన చెట్టు కొమ్మే. మూడు నాలుగు కొమ్మలై, తన చెట్టు కంటే గుబురుగా పూసింది. కడుపులో మళ్ళీ చిన్నగా ఏదో మండింది.

ఇంటికొచ్చి మగ్గం కాడ బుచ్చన్నతో అన్నది, "దాని నందివర్ధనం మనదాని కంటె మంచిగ పూసింది."

"మంచిదే గద" అన్నాడు ఆయన, నేత ఆపకుండా.

పద్మమ్మ కండె చేతిలోకి తీసుకుని దారం కొస వెతుక్కుంది. దొరికినంక, "మంచిదే" అన్నది.