నూటికి పది తరుగు

ఆ ఏడాది మొదట్లో నాకున్నవి మార్కెట్ వెనక ఒక ఉల్లిపాయల గోడౌను, అబద్ధం చెప్పని ఒక కాటా, పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నెల తప్పిన భార్య. ఆమె బరువు యాభై ఎనిమిది కిలోలు. పరీక్ష చేయించి వస్తూ దారిలో గోడౌను దగ్గర ఆపి నేనే తూచాను కాబట్టి ఆ అంకె నాకు గుర్తు. ఆమె కాటా మీద నిలబడి చీర చూపించి, "గోనెసంచి బరువు తీసేస్తారా, కలిపే రాస్తారా?" అని నవ్వింది.

ఏడో వారంలో వాంతులు మొదలయ్యాయి. అందరికీ పొద్దున పూట ఉండే వికారమే అనుకున్నాం. ఈమెకి పొద్దూ సాయంత్రం తేడా లేదు. అన్నం ఉడుకుతుంటే వాంతి, సబ్బు వాసనకి వాంతి, నా చొక్కా వాసనకి మరీను. పెరటి గుమ్మం దగ్గరే బట్టలు విప్పి, రెండుసార్లు స్నానం చేసి లోపలికి వచ్చేవాణ్ని.

"ఇంకా వస్తోందండీ," అనేది ముక్కు మూసుకుని. "పాతికేళ్ళుగా పట్టిన వాసన, నాలుగు చెంబులకి పోతుందా ఏంటి?"

డాక్టరమ్మ మాత్రలు రాసింది. "ఇవి బిడ్డకేమీ చెయ్యవు, భయపడకండి. ఖాళీ కడుపుతో ఉండొద్దమ్మా, గంటకోసారి కొంచెం కొంచెంగా తిను." తర్వాత నా వైపు తిరిగింది. "నీళ్ళు కూడా నిలవకపోయినా, బరువు నూటికి ఐదు వంతులు తగ్గినా వెంటనే తీసుకురండి. సెలైన్ పెట్టాలి, విటమిన్ ఇంజెక్షన్లు ఇవ్వాలి."

ఇక్కడ నా వ్యాపారం గురించి చెప్పాలి. ఉల్లిపాయ గోడౌనులో ఉన్నకొద్దీ ఆరిపోయి బరువు తగ్గుతుంది. దాన్ని తరుగు అంటాం. సరుకు దాచుకున్నవాడు నూటికి ఐదు తరుగు అంటాడు, నేను పదిహేను అంటాను, పది దగ్గర తెగుతుంది. మొదట చెప్పిన అంకె నిజమని నమ్మే అలవాటు నాకు ఏనాడో పోయింది. డాక్టరమ్మ ఐదు అంది. నేను మనసులో పది వేసుకున్నాను.

మాత్రలతో వారం రోజులు నెమ్మదించింది. తర్వాత మాత్రలు కూడా వాంతిలోనే వచ్చేసేవి. ప్రతి ఆదివారం, గోడౌను మూసి ఉన్న రోజు, ఆమెని తీసుకెళ్ళి తూచేవాణ్ని. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వచ్చేది పాపం. మా గోడౌనులో తూకం వేసే తాత అంకె చదివేవాడు. యాభై ఆరు. యాభై నాలుగున్నర.

"ఎంతలో ఉన్నామండీ?" అని అడిగేది.

"పదిలోపే."

"అయితే ఫరవాలేదన్నమాట," అని నా భుజం పట్టుకుని దిగేది. లెక్కల్లో నన్ను మించినవాడు లేడని ఆమె నమ్మకం.

మా అక్క ఊరుకోలేదు. "ఒరేయ్, నేనూ ఇద్దర్ని కన్నాను. గుక్కెడు నీళ్ళు కూడా నిలవకుండా ఇన్ని వారాలు ఎవరూ ఉండలేదురా. ఆస్పత్రికి తీసుకుపో."

"ఇంకా తరుగులోనే ఉందక్కా."

"తరుగేంట్రా నీ మొహం? అది నీ పెళ్ళామా, ఉల్లిపాయల బస్తానా?"

పది దాటితే ఆ క్షణమే తీసుకెళ్తానని మాటిచ్చాను. ఇస్తే తప్పేవాణ్ని కాదు.

పదిహేనో వారం. తాత, "యాభై రెండున్నర," అని చదివాడు. ఇంకా పావు కిలో పైచిలుకు ఉంది.

"అంకెలు రెండేసి కనబడుతున్నాయేంటి తాతా?" అంది ఆమె.

"రెండు ప్రాణాలు కదమ్మా, కాటా ఇద్దరివీ చూపిస్తోంది," అన్నాడు తాత. ముగ్గురం నవ్వాం. ఆమె దిగబోయింది. కాళ్ళు చెప్పినమాట వినలేదు, బస్తాల మీదికి ఒరిగిపోయింది. నీరసం అనుకుని ఇంటికి తీసుకొచ్చాను. గుమ్మంలో ఎదురైన మా అక్కని చూసి, "అత్తయ్యా, ఎప్పుడొచ్చారు?" అంది. మా అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమె కళ్ళలోకి టార్చిలైటు వేసి చూసి అడిగింది. "ఎంత తగ్గింది?"

"ఐదున్నర కిలోలండీ. నూటికి పదిలోపే."

"పది అని ఎవరు చెప్పారు?"

మీరు ఐదు అంటే నేనే పది వేసుకున్నానని చెప్పాను.

"నేను చెప్పింది బేరం కాదండీ," అంది.

ఆపకుండా వాంతులయితే ఒంట్లో ఒక విటమిన్ పూర్తిగా అయిపోతుందట. అది లేకపోతే మెదడు దెబ్బతింటుందట. ముందు ఆ విటమిన్ ఇంజెక్షన్లు, తర్వాత సెలైన్, తర్వాత ముక్కులోంచి గొట్టంతో ఆహారం. మూడు వారాలకి వాంతులు అదుపులోకి వచ్చాయి. బిడ్డ నిలబడింది. "రెండు వారాలు ముందొచ్చి ఉంటే ఈ ఇంజెక్షన్లే సరిపోయేవి," అని డాక్టరమ్మ ఒక్కసారే అంది.

పాప పుట్టి ఎనిమిది నెలలైంది. నా భార్య గోడ పట్టుకుని నడుస్తుంది. చిన్నప్పటి సంగతులన్నీ చెబుతుంది, పొద్దున జరిగింది మాత్రం మధ్యాహ్నానికి ఉండదు. అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది.

తప్పు నాదేనని నా భార్యకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మొదటిసారి విన్నట్టే విని, చాలాసేపు ఏడ్చి, చివరికి "పోనీలెండి, మీకు మాత్రం ఏం తెలుసు," అంది. సాయంత్రానికి అది మరిచిపోయింది. ప్రతిసారీ ఆ ఏడుపు కొత్తగా ఏడవాల్సి వస్తోంది కాబట్టి, చెప్పడం మానేశాను. క్షమించిన సంగతి కూడా నాకొక్కడికే గుర్తు.

మొన్న ఆదివారం ఆమె కాటా చూస్తానంటే తీసుకెళ్ళాను. పాపని ఎత్తుకుని నిలబడింది. ఒక చెయ్యి నేను పట్టుకున్నాను, తూకం చెడకుండా వదులుగా.

"అరవై రెండు," అని చదివాడు తాత. పాపని వెంట వచ్చిన అక్కకి ఇచ్చి మళ్ళీ తూచాం. యాభై ఐదున్నర. అంటే పాప ఆరున్నర.

"ముద్దుగా ఉంది," అంది ఆమె పాప బుగ్గ తాకి. "ఎవరి పాపండీ?"

"మనదే."

"నిజంగానా?" అని నవ్వింది. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన నవ్వు అది. రోజూ ఒకసారి చూస్తున్నాను.

మొదట యాభై ఎనిమిది. ఇప్పుడు ఇద్దరూ కలిపి అరవై రెండు. కాటా మీద నాకు నాలుగు కిలోలు లాభం వచ్చింది.