మూడో పెట్టె

బండి పూర్తిగా ఆగకముందే అమీర్ బాషా ఇంజను నుంచి మూడో డబ్బా తలుపు కమ్మీ పట్టుకుని దానితోపాటు నాలుగడుగులు నడిచాడు. ముప్పై నాలుగేళ్ళుగా నంద్యాల స్టేషన్లో కూలీగా అతను చేస్తున్న పని అదే. బండి ఆగాక పోతే బేరం దొరకదు. ఆగకముందే ఎక్కబోతే కాలు దక్కదు. ఆ రెండింటి నడుమ నాలుగడుగుల్లోనే అతని సంసారం నడిచింది.

పొట్టి మనిషి. వయసు యాభై ఆరు. బరువులు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఆరు నెలలుగా మెట్లెక్కితే రొమ్ములో పిడికిలి బిగిసినట్టవుతోంది. ఆ ఉదయం ఆళ్లగడ్డలో బస్సుకు బయల్దేరుతుంటే భార్య ఇమాంబీ వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"డాక్టరు ఏం చెప్పినాడు, నువ్వేం చేస్తాండావ్?"

"ఈ పొద్దు పోయొస్తా. రేపు చూస్తాం."

నిన్న కూడా అదే మాట చెప్పాడు.

మూడో డబ్బాలోంచి ఇద్దరాడవాళ్ళు దిగారు. గోస్పాడులో చుట్టాలింటికి వచ్చిన అత్తాకోడళ్ళు. అత్త సుబ్బలక్ష్మమ్మ తలుపు దగ్గర నిలబడి సామాన్లు అందించింది. రెండు ట్రంకుపెట్టెలు, మూడు సంచులు, ఒక బియ్యం మూట. కోడలు కావ్య కింద నిలబడి లెక్కపెట్టుకుంది.

"ఏ ఊరమ్మా మీది?" అమీర్ బాషా అడిగాడు.

"చిత్తూరు పక్కన."

"అన్నీ దిగినాయా?"

"అన్నీ దిగినాయప్పా" అంది అత్త.

ఊరు అడగడం అతనికి అలవాటు. రైలు ఒకటే అయినా ఒక్కో సీమవాళ్ళు దాన్ని ఒక్కో మాటతో పిలుస్తారని అతనికి బతుకు నేర్పింది. గుంటూరు వాళ్ళకు అది బోగీ. నంద్యాల బజారులో, తన ఇంట్లో అది డబ్బా. చిత్తూరు దిక్కువాళ్ళకు, అరవదేశం పక్కనే కాబట్టి, అది పెట్టె. చదువుకున్న పిల్లలు కోచ్ అంటారు. చక్రాలను సుత్తితో తట్టి చూసే పనివాళ్ళకైతే బోగీ అంటే డబ్బా కానే కాదు, దాని కింద ఉండే చక్రాల చట్రం. పనిలో చేరిన కొత్తలో ఒక చిత్తూరు షావుకారు "పెట్టె కాడ నిలబడు" అంటే ఇతను ట్రంకుపెట్టె పక్కన బుద్ధిగా నిలబడ్డాడు. షావుకారు రైలు పక్కన ఎదురుచూశాడు. బండి కదిలిపోయాక పడిన తిట్లు అతనింకా మరిచిపోలేదు.

సామాన్లు యాకోబు టీ కొట్టు దగ్గర దించి, ఆటో పిలవడానికి బయటికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కూత వినిపించింది. బండి మెల్లగా కదిలింది. టీ కొట్టు దగ్గర పదిమంది మూగి ఉన్నారు. వాళ్ళ మధ్య కావ్య రెండు చేతులతో నెత్తి పట్టుకుని ఉంది.

"పెట్టెలో ఉండిపోయింది అన్నా. పెట్టెలోనే ఉండిపోయింది."

"ఏముందమ్మా పెట్టెలో?" యాకోబు అడిగాడు.

"నా బంగారం. నా బంగారం అన్నా."

"ఎంత బంగారం?" అన్నారెవరో.

ఆమె కదులుతున్న బండి వైపు చెయ్యి చాపింది. యాకోబు ఆమెను జాలిగా చూసి, వెళ్ళిపోతున్న బండి వెంట కొంత దూరం పరుగెత్తి వెనక్కి వచ్చాడు. "పెట్టె యాడికీ పోదులేమ్మా. ముందు స్టేషనుకు ఫోన్ చేపిస్తాం. దించి పెడ్తారు."

అమీర్ బాషా సామాన్ల వైపు చూశాడు. రెండు ట్రంకుపెట్టెలూ అక్కడే ఉన్నాయి. సుబ్బలక్ష్మమ్మ ఒక సంచి మీద కూలబడిపోయి ఉంది. ఆమె చేతిలో మూడేళ్ళ పిల్ల తొడుక్కునే గులాబీరంగు చెప్పుల జత ఉంది.

అన్నీ దిగినాయా అని అడిగింది తానే. అందరూ దిగినారా అని అడగలేదు.

"బిడ్డ యాడ పండుకోనుంది తల్లీ?"

"పైన. పై బల్ల మీద. అత్తకాడ ఉందనుకుంటి నేను."

"నీకాడ ఉందనుకుంటినే" అంది అత్త.

పక్క స్టేషను గాజులపల్లె దాటితే నల్లమల అడవి. డబ్బా తలుపులు తెరిచే ఉంటాయి. నిద్రలేచిన పిల్ల అమ్మను వెతుక్కుంటూ ఎటు నడుస్తుందో ఎవరు చెప్పగలరు? ముందు డబ్బాలు అప్పటికే ప్లాట్‌ఫారం దాటిపోయాయి. అమీర్ బాషా ముందుకు పరుగెత్తలేదు, అంచుకు వచ్చి నిలబడ్డాడు. చివరి డబ్బా తలుపులో గార్డు పచ్చజెండా పట్టుకుని వస్తున్నాడు. ఉత్తరాది మనిషి, కొత్తగా వచ్చినవాడు. యాకోబు "పెట్టె, పెట్టె" అని అరిస్తే అర్థంకానట్టు తల అడ్డంగా ఊపాడు.

అమీర్ బాషా రెండు చేతులూ ఎత్తాడు. ఇంట్లో మాట్లాడే ఉర్దూ మాట నోటికొచ్చింది.

"సాబ్, రోకో! బచ్చీ డబ్బే మే రహ్ గయీ!"

పిల్ల డబ్బాలో ఉండిపోయిందన్న మాట చెవిన పడగానే గార్డు ముఖం మారింది. జెండా జారవిడిచి లోపలికి వంగాడు. బుస్సుమని గాలి వదిలిన చప్పుడయింది. బండి కీచుమంటూ నెమ్మదించి, ప్లాట్‌ఫారం దాటి అంత దూరాన ఆగింది.

అప్పుడు పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం చివర కంకర మీదికి దిగాడు. రాళ్ళు కాళ్ళ కింద జారుతున్నాయి. ఒకటి, రెండు, మూడు... వెనకనుంచి డబ్బాలు లెక్కపెడుతూ పోయాడు. ఎనిమిదో డబ్బా దగ్గర రొమ్ములో పిడికిలి బిగిసింది. కమ్మీ పట్టుకుని ఒక్క ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ నడిచి ఇంజను వైపు మూడో డబ్బా చేరాడు. కంకరనుంచి డబ్బా మెట్టు అతని నడుమంత ఎత్తులో ఉంది. మోచేతుల మీద ఒళ్ళు ఈడ్చుకుంటూ ఎక్కాడు.

పిల్ల పై బల్ల మీద దుప్పట్లో ముడుచుకుని నిద్రపోతోంది. లేపలేదు. ముప్పై నాలుగేళ్ళలో అంత తేలికైన బరువును అతనెప్పుడూ దించలేదు.

ఎదురు పరుగెత్తుకొచ్చిన కావ్య పిల్లను లాక్కుని కంకర మీదే కూర్చుండిపోయింది. సుబ్బలక్ష్మమ్మ ఆయాసపడుతూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"నీది ఏ ఊరు నాయనా?"

ఎన్నేళ్ళకో ఆ ప్రశ్న తనకు ఎదురైంది. "ఆళ్లగడ్డమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం బండికి అతను లేవలేదు. గోడకానుకుని కూర్చున్నాడు. యాకోబు టీ తెచ్చిచ్చాడు.

"పెట్టంటే ట్రంకుపెట్టే అనుకుంటి గదా అన్నా. నీకెట్ల తెలిసె?"

"ఊరడిగింటి లేప్పా" అన్నాడు. టీ సగమే తాగాడు. చెమట ఆరడం లేదు. ఆస్పత్రికి పోదామని యాకోబు రెండుసార్లు అడిగాడు.

"రేపు చూస్తాం."

నాలుగున్నరకు ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రొమ్ము నొప్పి ఎడమ చేతిలోకి పాకింది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని తల కిటికీకి ఆనించాడు. బయట శనగచేల మీద ఎండ వాలుతోంది.

ఆళ్లగడ్డలో అందరూ దిగారు. కండక్టరు వెనక సీటు దాకా వచ్చి భుజం తట్టాడు. "పెద్దాయనా, ఊరొచ్చింది." మళ్ళీ తట్టాడు. తల పక్కకు వాలిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మరునాడు పొద్దున యాకోబు కొట్టు తెరవలేదు. ఆళ్లగడ్డకు బయల్దేరుతూ, ఇమాంబీకి ఇవ్వాల్సిందేమైనా ఉందేమోనని కొట్టు వెనక గోడ వెతికాడు. మేకుకు అమీర్ బాషా బరువు కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు వేలాడుతోంది. పాతచీర పేలికలతో చుట్టింది. నడుమ బరువుల ఒత్తిడికి గట్టిపడి, ఒక మనిషి నడినెత్తి అంత గుంట మిగిలి ఉంది.