పట్టిసీమ కర్పూరం

కోర్టులో దేవుడికి పనేమిటని నేను వాదించేవాణ్ణి. దొరతనం వారు గుళ్ళ పెత్తనం వదులుకొని ఇరవై ఏళ్ళయింది. మరి సాక్ష్యం దగ్గర మాత్రం దేవుణ్ణి పిలవడం దేనికి? రాజమండ్రి మునసబు కోర్టు వసారాలో నా ఈ ఉపన్యాసం వినని తోటి ప్లీడరు లేడు. మునసబు గారి చెవిన కూడా పడింది. అందుకే కాబోలు, సువార్తమ్మ దావాలో పట్టిసీమ పని తెచ్చి నా నెత్తిన పెట్టారు.

సువార్తమ్మది ధవళేశ్వరం. గోదావరిలో వల వేసి బతికే ఇంటి కోడలు. పెనిమిటి రాముడు జ్వరంతో పోయాక క్రైస్తవం పుచ్చుకుని లూథరన్ సభలో కలిసింది. అంతకుముందు ఆమె పేరు వీరవేణి. వాళ్ళలో పట్టిన చేపలో నావకి కూడా ఒక వాటా ఉంటుంది. అందుకని నావ ఉంటే మగదిక్కు లేని ఇంట్లోనూ పొయ్యి వెలుగుతుంది. అలాంటి నావని మరిది గంగరాజు పట్టుకుపోయి, అది తనదేనన్నాడు. రాముడూ తానూ కలిసి చేయించుకున్నదని ఆమె దావా వేసింది. కాగితం ముక్క ఇద్దరి దగ్గరా లేదు.

గంగరాజు బోనెక్కి మామూలు ప్రమాణం చేశాడు. దేవుడి ఎదుట నిజమే చెబుతానని, జవాను పలికించిన మాటలు చిలకలా వల్లించి, నావ నాదేనని కన్నార్పకుండా చెప్పాడు. ఆ తరవాత ఒక ఎత్తు వేశాడు. ఎదుటివారు ఫలానా రీతిలో ప్రమాణం చేస్తే దానికి కట్టుబడతానని అడిగే వీలు దొరల చట్టంలోనే ఉంది.

“మా వదినని పట్టిసీమ వీరభద్రుడి ముందు తడిబట్టలతో నిలబడి, నావ మా అన్నదని చెప్పి కర్పూరం ఆర్పమనండి. ఆర్పితే నావ వదిలేస్తానండి” అన్నాడు.

అబద్ధమాడి కర్పూరం ఆర్పితే వంశం ఆరిపోతుందని మా గోదావరి పొడవునా నమ్మకం. గంగరాజు లెక్క వేరు. ఆమె గుడిలో కాలు పెడితే సభవాళ్ళు ఊరుకోరు. పెట్టనంటే అబద్ధమాడిందని లోకం అనుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటివాడికి చట్టమే దోవ చూపిస్తోంది మరి.

“నేను చెయ్యనండి” అంది సువార్తమ్మ.

గంగరాజు మీసం దువ్వుకున్నాడు. ఆమె మాట ఇంకా అవలేదు.

“నేను ఆ దేవుణ్ణి వదిలేశానండి. మా మరిది వదల్లేదు కదండీ. ఆ కర్పూరమేదో ఆయన్నే ఆర్పమనండి. ఆర్పితే నావ ఆయనదే. నేను మళ్ళీ నోరెత్తనండి.”

మీసం మీద చెయ్యి మీసం మీదే ఉండిపోయింది. కాదందామంటే కోర్టు నిండా అతని వాళ్ళే ఉన్నారు, అందరూ అతన్నే చూస్తున్నారు. సరేనన్నాడు.

వసారాలో సభ ఉపదేశి యెహెజ్కేలు గారు ఆమెని ఆపారు. “విగ్రహం మీద పందెం కాశావమ్మా. ఇది జరిగితే సభలో అందరితో కలిసి ప్రభురాత్రి భోజనానికి నిన్ను రానివ్వలేను.”

“నేను మొక్కడం లేదు కదండీ.”

“మొక్కేవాడి భయాన్ని నమ్ముకున్నావు. రెండూ ఒకటే.”

ఆమె మొహం వాడిపోయింది. పెనిమిటి పోయాక ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్నది ఆ సభ ఒక్కటే. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మునసబు గారు నన్ను లోపలికి పిలిచారు. “ఏమయ్యా జగన్నాథరావూ, కోర్టులో దేవుడికి పని లేదంటావు కదా. అందుకని కోర్టునే దేవుడి దగ్గరికి పంపుతున్నాను. కోర్టు తరఫున వెళ్ళి ఆ ప్రమాణం చేయించుకురా.”

“అది దొరతనం చేయవలసిన పని కాదండి” అన్నాను.

“అబద్ధాన్ని ఆపడం దొరతనం పనేనా?”

“అవునండి.”

“మరి అది దేనికి భయపడి ఆగితే నీకేం?”

ఉత్తరువు పుచ్చుకుని బయటికి వచ్చాను. ఆయన మాట ఇప్పటికీ ఒప్పుకోను, అది వేరే సంగతి.

వేరే పడవకి ఖర్చు దండగని ఆ తగాదా నావలోనే బయలుదేరాం. తెరచాప ఎత్తి, గంగరాజు గెడ వేస్తున్నాడు. సువార్తమ్మ ముందు కొసన కూర్చుంది. చెక్కల సందున నీరు ఊరితే తోడి పోయడానికి ఇద్దరూ ఒకేసారి వంగారు. మళ్ళీ ఎవరి చోట వాళ్ళు సర్దుకున్నారు.

గోదావరి నడుమ పట్టిసీమ చేరాక ఆమె గుడి మెట్ల కింద ఇసుక మీదే ఆగిపోయింది. గంగరాజు గోదాట్లో మునిగి, తడిబట్టలతో నా వెంట మెట్లెక్కాడు. అర్చకుడు పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు.

“నావ నాది అని చెప్పి ఆర్పు” అన్నాను. దొరతనం తరఫున ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది.

గంగరాజు అరచెయ్యి చాపాడు. కోర్టులో చిలకలా పలికిన నోరు ఇక్కడ పెగల్లేదు. చాపిన చెయ్యి కిందికి దిగలేదు. కర్పూరం తనంతట తనే కరిగి ఆరిపోయింది.

“ఇంకో బిళ్ళ వెలిగించనా?” అని అర్చకుడు అడిగాడు.

“వద్దండి. నావ మా వదినదండి.”

కిందికి వచ్చి, నావ ఎక్కడానికి మొహం చెల్లక గంగరాజు నీళ్ళ ఒడ్డున నిలబడిపోయాడు. సంగతి నా నోట విన్న సువార్తమ్మ కాసేపు కళ్ళు మూసుకుని, “ఎక్కవయ్యా, ధవళేశ్వరం దాకా ఈదుకుంటూ వస్తావా ఏంటి” అంది. అతను తల వంచుకుని ఎక్కి గెడ అందుకున్నాడు.

దారిలో నేను ఉండబట్టలేక అడిగాను. “వాడు ఆర్పేసి ఉంటే ఏం చేసేదానివి?”

“నావ పోయేదండి. సభలో చోటు ఎలాగూ పోయింది కదండీ. కింద నిలబడ్డంతసేపూ ప్రార్థన చేసుకుంటూ ఉన్నానండి.”

“ఎవరికి?”

“ఎవరికేంటండి బాబుగారూ, యేసయ్యకేనండి.”

“ఏమని?”

ఆమె గొంతు తగ్గించింది. “మా మరిదికి వీరభద్రుడంటే భయం పోనివ్వకు తండ్రీ అని.”

గంగరాజుకి వినబడే ఉంటుంది. గెడ వేయడం మాత్రం ఆపలేదు.