సైన్సు పేజీ ఎవరిది?

ఎడిటరు గారు ఆమెను కూర్చోమన్నారు. ఆ గదిలో ఆయన ఎవరినైనా కూర్చోమన్నారంటే ఏదో కీడు మూడినట్టే.

"సైన్సు పేజీ ఇక వారం వారం వేద్దామమ్మా. మీ ఆయన పేరుతోనే వేసేద్దాం. నీకు స్త్రీల పేజీ ఇస్తాను."

"ఆయన పేరెందుకండీ? రాసేది నేను కదా!"

ఆయన సొరుగులోంచి ఆమె పాత వ్యాసాలు తీసి బల్ల మీద పరిచారు. అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. ఆమె భర్త చేతిరాత. ఆమె రాత అర్థం కావడం లేదని మొదట్లో అచ్చు కూర్చే కంపోజిటర్లు గొడవ పెడితే, కాలేజీలో ఫిజిక్సు చెప్పే భర్తే "ఇలా తే, సాపు రాసిస్తా" అన్నాడు. అప్పటినుంచీ అదే అలవాటైపోయింది.

"ఇంట్లో ఫిజిక్సు మాస్టారుండగా నువ్వు రాస్తున్నావంటే ఎవరు నమ్ముతారు? మొన్న క్లబ్బులో ఆయన్నే అడిగాను."

"ఏమన్నారు?"

"నవ్వాడు."

ఆమె ఆ కాగితాలు పక్కకు జరిపింది. "ఏదైనా విషయం ఇవ్వండి. ఇక్కడే కూర్చుని రాస్తాను."

కొత్తగా కనిపించిన తోకచుక్క మీద రాయమన్నారు. పరీక్షకు కూర్చోబెట్టినట్టు గది మధ్యలో బల్ల వేయించారు. ప్రూఫ్‌రీడరు అటూ ఇటూ తిరుగుతూ ఆమె సంచీకేసి చూశాడు.

"చీటీలేమీ తేలేదు కదమ్మా?"

"తెచ్చాను. మీకూ కావాలా?"

అతను మళ్లీ అటు రాలేదు.

తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే ఉంటుందని రాసింది. అందుకే తిరిగి వెళ్లేటప్పుడు, మామగారికి వీపు చూపకుండా వెనక్కి నడిచి గది దాటే కోడలిలా, తోకే ముందు పోతుందని రాసింది.

ఎడిటరు గారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"ఈ కోడలు మాస్టారికి తట్టదులే" అన్నారు చివరికి. "సరే, పేజీ నీ పేరుతోనే. కొన్నాళ్లు చూద్దాం."

ఇంటికి వెళ్లేసరికి భర్త కలం మూత తీసి సిద్ధంగా ఉన్నాడు.

"ఏదీ, ఇలా ఇవ్వు."

"ఆఫీసులో ఇచ్చేశాను."

"నీ రాతతోనా? కోడి కెలికినట్టుంటుంది, ఎవరు చదువుతారే?"

"కంపోజిటరు చదివాడు. తిట్టుకుంటూనే. క్లబ్బులో ఎడిటరు గారు అడిగితే ఎందుకు నవ్వారు?"

ఆయన కలానికి మూత పెట్టాడు.

"నలుగురిలో ఏం చెప్పమంటావు?"

"మా ఆవిడే రాస్తుందని."

"చెబితే నమ్ముతారా?"

"నమ్మకపోతే మానేవాళ్లు. మీరు చెప్పాలిగా."

"సర్లే, ఈసారి చెబుతాను."

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో, ఆమెకు అంత అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ సాయమనుకున్నది సాయమేనా? ఆయన ముఖంలోకి చూసింది. ఏమీ తేలలేదు.

మర్నాటినుంచి ఆఫీసులోనే రాయడం మొదలుపెట్టింది. చిత్తుకాగితం కూడా ఇంటికి తేలేదు.

"ఈ వారం దేని గురించే?" అని భోజనాల దగ్గర ఆయనే అడిగేవాడు.

"పేపరు వస్తుందిగా, చూడండి" అనేది.