స్వల్ప నష్టం

ఎనభై ఎనిమిదిలో ఎలీసమ్మ కొడుకు ప్రేమదాసు మన సైన్యంతో శ్రీలంకలో యుద్ధానికి వెళ్లాడు. ఒక శుక్రవారం ఆమె మా కళ్లంలో మిరపకాయలు ఏరుతుంటే, అక్కడి పోరులో మనవైపు నష్టం స్వల్పమని రేడియో వార్తల్లో చెప్పారు.

"స్వల్పమంటే ఏందయ్యా?" అని నన్నడిగింది.

"పెద్దగా ఏం కాలేదని."

"మీ నోట్లో పంచదార పొయ్య!"

ఆదివారం తన పెట్టకోడిని చంకన పెట్టుకుని, కొడుకు క్షేమానికి కృతజ్ఞతగా చర్చిలో ఇవ్వడానికి బయలుదేరింది.

"పెట్టనిచ్చేసి ఇక గుడ్లు నువ్వు పెడతావా అత్తా?" అంది పక్కింటి రెబ్కా.

"నావాడు రానీ, కోళ్లఫారమే పెట్టిస్తాడు."

బుధవారం జీపులో శవపేటిక వచ్చింది. వెంట వచ్చిన ఆఫీసరు తెలుగువాడే. ప్రేమదాసు పోయిన గురువారం చనిపోయాడని చెప్పాడు.

ఎలీసమ్మ పేటిక మీద చెయ్యి వేసి అడిగింది. "అప్పుడే మీకు తెలుసా బాబూ?"

"తెలుసమ్మా. ఎంతమంది పోయారో బయటికి చెప్పొద్దని పైనుంచి ఆర్డరు."

"ఎంతమందో నాకెందుకు? నాకు వాడొక్కడే. ఆ ఒక్కడి సంగతి చెబితే ఆదివారం ఏడ్చేదాన్ని గదా. వాడు పోయాక, గుళ్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి పాడాను బాబూ."

ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.