నాలుగు వేల నూట ఇరవై ఏడు

పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. సైదయ్య వంగి, ఆ ఇరవయ్యో మోడు మీద అరచెయ్యి ఆనించి, చండ్ర చెట్టే అని తేల్చుకుని, మెడలో వేసుకున్న మోదుగనార తాడుకు ఒక ముడి వేశాడు. ముడిని పంటితో బిగించాడు. ముందరి పళ్ళు రెండు ఎప్పుడో పోయాయి గనుక పక్క పళ్ళతోనే ఆ పని. నరికేసిన చెట్ల మోళ్ళు ఇరవై అయితే ఒక ముడి. చదువు రాని అడవి చౌకీదారు కొడుకుగా పుట్టి, చదువు రాని అడవి చౌకీదారుగానే బతికిన మనిషికి వాళ్ళ నాయన ఇచ్చిన లెక్క అది.

తొమ్మిది రోజులుగా అతను ఇదే పని మీద ఉన్నాడు. తుమ్మెదల గుట్ట పడమటి వైపు అంతా కాళ్ళతో కొలిచేశాడు. ఇక మిగిలింది చివరి లోయ ఒక్కటే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఎండిన కట్టెలా ఉంటాడు. మోకాళ్ళ దాకా పంచె, మోచేతుల దగ్గర చిరిగిన ఖాకీ చొక్కా, భుజం మీంచి ఏటవాలుగా పట్టీ, ఆ పట్టీకి సర్కారు వారి ఇత్తడి బిళ్ళ. ఎక్కేటప్పుడు కుడి మోకాలు కటుక్కుమంటుంది. దాన్ని తిట్టుకుంటూనే ఎక్కుతాడు. పొద్దు బారెడు పైకి వచ్చేసరికి ఇంకో నాలుగు ముళ్ళు పడ్డాయి. ఆ తర్వాత ఏడు మోళ్ళు మిగిలాయి. ముడికి చాలని ఆ ఏడింటికి ఏడు గులకరాళ్ళు ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇంతకూ ఈ లెక్క అడిగింది సైదయ్య పైవాళ్ళు కారు. హైదరాబాదులో కొత్తగా శాసనసభ కూడింది. సూర్యాపేట వైపు నుంచి వెళ్ళిన వకీలు సభ్యుడొకాయన అందులో లేచి, మిర్యాలగూడ తాలూకా తుమ్మెదల గుట్ట మీద ఎన్ని చెట్లు కొట్టడానికి సర్కారు అనుమతి ఇచ్చింది, ఎన్ని కొట్టారు అని మంత్రిని అడిగాడు. మంత్రికి తుమ్మెదల గుట్ట ఎక్కడుందో తెలియదు. అది ఆయన తప్పు కాదు, రాజ్యం పెద్దది. ఆయన తన కింది అధికారిని అడిగాడు, ఆ అధికారి తన కింది వాణ్ణి అడిగాడు. అలా మెట్టు మెట్టూ దిగుతూ ఆ ప్రశ్న మిర్యాలగూడలోని అడవి శాఖ వారి జంగ్లాత్ కచ్చేరికి వచ్చింది. అక్కడ కూడా ఆగకుండా, కింద ఇంకెవరూ లేని సైదయ్య దగ్గరికి వచ్చి ఆగింది. ముప్పై ఒక్క ఏళ్ళ నౌకరీలో పైనుంచి అతనికి హుకుములు వచ్చాయి, తిట్లు వచ్చాయి. ప్రశ్న రావడం మాత్రం ఇదే మొదలు. అందుకే దాన్ని దేవుడి పనిలాగా నెత్తికెత్తుకున్నాడు.

గుట్ట దిగేసరికి జానమ్మ జొన్న గట్క ముంత పట్టుకుని ఎదురొచ్చింది. భర్త తాగుతున్నంతసేపూ ఆ తాడునే చూస్తూ నిలబడింది.

"అయిపోయిందా?"

"అయింది. ఇగ కచ్చేరికి పోవాలె. మూడింటి బస్సుకు కాయితం పోవాల్నట."

"గన్ని ముళ్ళు సూడంగనే ముందుగాల నిన్నే అడుగుతరు. చెట్లు కొడ్తుంటె నువ్వేడున్నవని."

"ఆణ్నే ఉన్న."

"గదే అంటున్న. ఇంక రెండేండ్లైతె పించను అస్తది. నోరు మూసుకుంటె ఏం పోతది?"

సైదయ్య మూతి తుడుచుకుని గుట్ట తూర్పు వైపు చూశాడు. అటు ఇంకా పచ్చగా ఉంది. అక్కడి బండల సందు నుంచి ఒక ఊట పుడుతుంది. గుట్ట కింద హేమ్లా నాయకు తండాలో అరవై కుటుంబాలు ఆ నీళ్ళ మీదే బతుకుతాయి. పడమటి వైపు చెట్లు పోయిన రెండేళ్ళలో అటు పారే వాగు ఎండిపోయింది. ఇసకలో తోడుకున్న చెలిమెలు కూడా ఎండాయి. ఆ చెట్లు కొట్టి బొగ్గు కాల్చిన కోదాడ గుత్తేదారు వెంకటనర్సయ్య ఇప్పుడు తూర్పు వైపు కూడా కావాలని దరఖాస్తు పెట్టాడు. పడమటి వైపు అనుమతి దాటలేదని ఈ జవాబులో తేలితే, తూర్పు అతని చేతికి వస్తుంది. అందరికన్నా ఎక్కువ దిగులుపడి సూర్యాపేట వకీలు దగ్గరికి పరుగెత్తినవాడు తండా పెద్ద హేమ్లాయే.

"ఊట పోతది," అన్నాడు సైదయ్య. అంతకన్నా పెళ్ళానికి చెప్పవలసింది అతనికి కనబడలేదు.

మూడు కోసుల దూరం నడిచి మిట్టమధ్యాహ్నానికి మిర్యాలగూడ చేరాడు. కచ్చేరిలో గుమాస్తా నాగేశ్వర్ రావు పంతులు ఒక్కడే ఉన్నాడు. పక్కన బల్ల మీద గుత్తేదారు వెంకటనర్సయ్య కూర్చుని తెల్ల ఉత్తరీయంతో విసురుకుంటున్నాడు. కచ్చేరికి పెద్ద అయిన రేంజి దొర అడవుల తనిఖీకి దౌరా వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ జవాబు కాగితం కింద సంతకం పెట్టి, లెక్క రాయవలసిన చోటు ఖాళీగా వదిలేసి పోయాడు. ఆ కచ్చేరిలో అది తాత ముత్తాతల నాటి పద్ధతి. దొర ముందే సంతకం పెడతాడు, సంగతి తర్వాత వస్తుంది. సంగతి ఎప్పుడూ దొరకు ఇష్టమైనట్టే వచ్చేది గనుక ఇన్నాళ్ళూ ఇబ్బంది కలగలేదు.

పంతులు తాడు అందుకుని బల్ల మీద పరిచాడు. కళ్ళద్దాలు సర్దుకుని ముళ్ళు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. చివరికి వచ్చేసరికి ఆయన మొహం విప్పారింది.

"రెండొందల ఆరు. అనుమతి రెండొందల యాభైకి ఉన్నది. నలభై నాలుగు తక్కువనే కొట్టిండ్రు. నేనేమో రెండు రోజుల నుంచి పరేషానైతున్న."

"నేను చెప్పలేదా పంతులుగారూ," అన్నాడు వెంకటనర్సయ్య. "రూలు దాటే మనిషిని కాదు నేను. పాపం, ఈ ఎండలో ముసలాణ్ణి అనవసరంగా తిప్పారు."

పంతులు కలం సిరాలో ముంచాడు. ఆ కలం కాగితం మీదికి వెళ్తుంటే సైదయ్య చూశాడు. నోరు తెరవకుండా తలుపు దాకా నడిస్తే చాలు, బిళ్ళ ఉంటుంది, పించను ఉంటుంది. ఆ లెక్క పంతులు తప్పు, అతని తప్పు కాదు. భయం వేసింది, నిజంగానే వేసింది. దొరల ముందు ఎప్పుడూ ముందుగా నోటికొచ్చే "బాంచెన్" అనే మాట మాత్రం ఆ పూట రాలేదు.

"అది చెట్ల లెక్క గాదు, పంతులు. ముడికి ఇరవై."

కలం ఆగింది. ఒక సిరా చుక్క బల్ల మీద పడింది. సైదయ్య జేబులోంచి ఏడు గులకరాళ్ళు తీసి తాడు పక్కన పెట్టాడు. "ఇవి పైన ఏడు."

పంతులు పెదవులు కదిలాయి. హెచ్చవేసుకుని, నమ్మకం కుదరక, ఇంకోసారి హెచ్చవేసుకున్నాడు. "నాలుగు వేల నూట ఇరవై ఏడు," అని ఎవరో చచ్చారన్నట్టు చెప్పాడు.

వెంకటనర్సయ్య నవ్వేశాడు. "నార ముళ్ళు చూసి మంత్రి జవాబు చెబుతాడా? వీడు ఇరవై అంటే ఇరవై, నలభై అంటే నలభయ్యా? మీరు రెండొందల ఆరే రాయండి."

"సైదా," అన్నాడు పంతులు మెల్లగా. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఇది రాస్తే ముందు నీ బిళ్ళ పోతది. చౌకీదారు ఏం జేస్తున్నడని అడుగుతరు."

"అడగనీ. నాలుగు మాట్ల ఈడికొచ్చి చెప్పిన. నువ్విన్నవు, దొర విన్నడు. రాసుకోలేదు. గది గూడ రాయి."

పంతులు తల దించుకున్నాడు. తాడు నడిమిలో ఒక ముడి పట్టుకుని, "ఇది ఏడిది?" అని అడిగాడు.

సైదయ్య దగ్గరికి వచ్చి ఆ ముడిని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. కొస నుంచి అక్కడి దాకా వేళ్ళతో తడుముకుని, కళ్ళు మూసుకున్నాడు.

"గుర్రపుబండ కింద. పెద్ద తిరుమాను ఒకటి. దాని పక్కపొంటి సోమి మూడు. కిందికి దిగంగ చండ్రలు తొమ్మిది, అండ్ల రెండు జంటగ లేసినయ్. ఏపెలు రెండు, బిల్లుళ్ళు నాలుగు. ఆఖరుకు ఒక ఇప్ప. అది కాయ మీదున్నది, కొట్టొద్దని కూలోల్ల కాళ్ళు వట్టుకున్న. కొట్టిండ్రు."

పంతులు వేళ్ళ మీద లెక్కవేశాడు. ఇరవై. ఇంకో ముడి చూపించాడు. మళ్ళీ ఇరవై, చెట్టు చెట్టుకూ పేరుతో, చోటుతో. అలా అయిదు ముళ్ళు అడిగాడు. ఆరోసారి ఏమీ ఎరగనట్టు, మొదట అడిగిన ముడినే మళ్ళీ చూపించాడు. సైదయ్య తడుముకుని, "గుర్రపుబండ చెప్తిని గద పంతులు," అన్నాడు.

వెంకటనర్సయ్య విసురుకోవడం ఆపాడు. కాస్త గొంతు తగ్గించి, "పంతులుగారూ, ఆలోచించి రాయండి," అన్నాడు.

"ఆలోచించే రాస్తున్న," అన్నాడు పంతులు. "ఆ సభల ఒక ప్రశ్న మీద ఇంకో ప్రశ్న అడగొచ్చునట. రేపు ఆ వకీలు గుట్టెక్కి సూస్తె, అబద్ధం చెప్పింది మంత్రి అయితడు. మంత్రి దిక్కుకెల్లి మొదలైతె ఏడికొచ్చి ఆగుతదో నీకేం ఎరుక? ఈ బల్ల కాడికొచ్చి ఆగుతది." అది లోకజ్ఞానమో, సైదయ్యను చూసి పుట్టిన సిగ్గో ఆయనకే తెలియాలి. రేంజి దొర సంతకం పైన ఉన్న ఖాళీలో అంకెలో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాశాడు. దాని కింద, చౌకీదారు సైదయ్య ఈ సంగతి నాలుగుసార్లు విన్నవించాడని ఇంకో పంక్తి చేర్చాడు. సైదయ్య బొటనవేలుకు సిరా పూసి ముద్ర వేయించాడు. లక్క కరిగించి లకోటా మూశాడు.

లకోటాతో సైదయ్య బస్సు దగ్గరికి వెళ్ళేసరికి అది ఇంకా కదిలే స్థితిలో లేదు. అది బొగ్గుతో నడిచే బస్సు. వెనక పీపాలో బొగ్గు రగిలించి, అరగంట గాలి చక్రం తిప్పితే గానీ దానికి ప్రాణం రాదు. చక్రం తిప్పే కూలీ ఆ పూట రాలేదు. డ్రైవరు రాములు చెమటలు కక్కుతూ తిట్టుకుంటున్నాడు.

"సూర్యాపేటల హైదరాబాదు బస్సు అందుతదా?" అడిగాడు సైదయ్య.

"ఇది లేస్తె గద అందేది."

సైదయ్య లకోటాను పట్టీలో దోపుకుని పీపా దగ్గరికి వెళ్ళాడు. పక్కన సంచిలో ఉన్న బొగ్గు ముక్క ఒకటి తీసి గోటితో కొట్టాడు. కంగుమంది. సోమి. తుమ్మెదల గుట్ట సోమి బొగ్గు అలాగే మోగుతుంది. ఒక్క క్షణం దాన్ని చేతిలో పెట్టుకుని నిలబడి, తర్వాత పీపాలో వేసి, చక్రం పిడి పట్టుకున్నాడు. తొమ్మిది రోజులు గుట్టలెక్కిన మోకాలితో, పొద్దున తాగిన గట్క బలంతో తిప్పాడు. బొగ్గు ఎర్రబడింది. తమను కొట్టి కాల్చినవాళ్ళ మీద ఫిర్యాదు మోసుకుపోవడానికి ఆ చెట్లే మండుతున్నాయనిపించి అతనికి గొప్ప సంతోషం కలిగింది. బస్సు దగ్గి, వణికి, లేచింది. లకోటాను రాములు చేతికిచ్చి, బస్సు సూర్యాపేట దారిన కనుమరుగయ్యేదాకా నిలబడ్డాడు.

పన్నెండు రోజుల తర్వాత హేమ్లా నాయకు సూర్యాపేట నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. తలపాగా చేతిలో ఉంది.

"మంత్రి లేసిండట. కాయితం సూసి సదివిండట. సభల ఎవ్వలూ నమ్మలేదట. మళ్ళ సదువుమంటె మళ్ళ సదివిండట."

"ఎంతన్నడు?"

"నాలుగు వేల నూట ఇరవై ఏడు."

"ఏడు గూడ అన్నడా?"

"అన్నడు. అప్పుడింకోడు లేసి, చౌకీదారు నిద్రవోయిండా అన్నడట. మంత్రి కాయితం తిప్పి సూసి, లెక్కవెట్టింది ఆయన్నే, నాలుగు మాట్ల చెప్పింది గూడ ఆయన్నే అన్నడు. తూర్పు దిక్కు ఎవ్వలకూ ఇచ్చేది లేదని అందరి ముంగట చెప్పిండు. ఇగ ఊట మనదే, సైదన్నా."

సైదయ్య నవ్వాడు. పళ్ళు లేని చోటంతా కనబడేలా నవ్వాడు. మంత్రి అంతటివాడు గుట్ట లెక్కను రెండుసార్లు అప్పజెప్పాడన్న మాట అతనికి తలచుకున్నకొద్దీ తియ్యగా ఉంది. ఆ సాయంత్రం తండా అంతా డప్పు కొట్టుకుంటూ అతని గుడిసె ముందుకు వచ్చింది. జానమ్మ పించను మాట ఎత్తకుండా అందరికీ నీళ్ళిచ్చింది.

కచ్చేరి మాత్రం ఊరుకోలేదు. ఎవరినో ఒకరిని శిక్షించాలి గనుక, వానాకాలం మొదట్లో, నౌకరీ తీసేశాం, బిళ్ళ అప్పజెప్పమని కాగితం వచ్చింది. సైదయ్య మూడు కోసులు నడిచి వెళ్ళి పట్టీ విప్పి బల్ల మీద పెట్టబోయాడు. నాగేశ్వర్ రావు పంతులు కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులతో అందుకున్నాడు. ఆ కచ్చేరిలో చౌకీదారు కోసం ఎవరూ అంతకు ముందు లేచింది లేదు.

శ్రావణంలో సైదయ్యకు మూడు రోజులు జ్వరం కాసింది. నాలుగో రోజు మధ్యాహ్నం, బయట వాన పడుతుండగా, జానమ్మ గట్క చల్లార్చి తెచ్చేలోపు పోయాడు. తండా మగవాళ్ళు, ఊరి మగవాళ్ళు కలిసి మోశారు. తూర్పు ఊట నీళ్ళతోనే స్నానం చేయించారు.

గుత్తేదారు కూలీలు అప్పటికే సామాను ఎత్తుకుని కోదాడ వెళ్ళిపోయారు. వెళ్తూ వాళ్ళు వదిలేసింది ఒక్కటే. తూర్పు వాలు మొదట్లో, కట్టెలు పేర్చి, చుట్టూ మట్టి మెత్తి, నిప్పు పెట్టడమే తరువాయిగా సిద్ధం చేసిన బొగ్గుబట్టీ. ఆ వానలకు దాని మీద గడ్డి మొలిచింది.